వెనక హౌసింగ్ చెప్పే మాట

మా వైపు ఊళ్ళకు తారురోడ్డు చివరి మలుపు దాకానే ఉంది. అక్కడి నుంచి పైకి మట్టిదారి, రాళ్ళదారి, మధ్యలో మూడు గెడ్డలు. ఆ దారిలో తిరిగేవి ఫోర్ వీల్ జీపులే. సంతకు పసుపు, మిరియాలు, చింతపండు, అడ్డాకులు దిగేది వాటిలోనే. బియ్యం, ఉప్పు, సిమెంటు బస్తాలు ఎక్కేదీ వాటిలోనే. నొప్పులొచ్చిన ఆడమనిషిని 108 ఆగే చోటికి చేర్చేదీ అవే. జీపు ఆగిపోయిన రోజు డోలీ కట్టాలి. వానలో డోలీ మోసిన భుజానికి ఆ బరువు ఎంతో ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

మేము నలుగురం కలిసి ఒక పాత జీపు నడుపుతున్నాం. ఇద్దరం డ్రైవర్లం. ఒకరు ఐటీఐలో మోటార్ మెకానిక్ చదివినవారు. ఇంకొకరు ఆశ్రమ పాఠశాలలో లెక్కల టీచరు. ఈ వ్యాసం మా జీపు వెనక ఇరుసు గురించి. పుస్తకాల్లో దాన్ని డిఫరెన్షియల్ అంటారు. మా డ్రైవర్లు మొత్తాన్నీ కలిపి హౌసింగ్ అనేస్తారు.

ఇది రాయడానికి కారణం ఉంది. మన పిల్లల్లో స్టీరింగ్ పట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. క్లీనర్లుగా చేరినవాళ్ళు ఇంకా ఎక్కువ. పానా పట్టినవాళ్ళు మాత్రం తక్కువ. అందుకే బండి శబ్దం చేస్తే కింద టౌనులోని షెడ్డుకు తీసుకెళ్తాం. వాళ్ళు చెప్పింది వింటాం, అడిగింది ఇస్తాం. ఏం పోయిందో, ఎందుకు పోయిందో మనకు తెలియదు. తెలియకపోతే డబ్బుతో పాటు ప్రాణం కూడా పోవచ్చు. ఘాట్ దిగుతుండగా వెనక పినియన్ బిగుసుకుంటే వెనక చక్రాలు ఒక్కసారిగా ఆగిపోతాయి. వెనక కూర్చున్నది మన మనుషులే.

ముందు ఆ హౌసింగ్ లోపల ఏం జరుగుతుందో చెబుతాం. ఘాట్‌లో గుండ్రంగా వెనక్కి తిరిగే మలుపు ఉంటుంది కదా, అక్కడ లోపలి చక్రం తక్కువ దూరం నడుస్తుంది, బయటి చక్రం ఎక్కువ దూరం నడుస్తుంది. రెండు చక్రాల మధ్య దూరం 1.25 మీటర్లు అనుకుందాం. బండి పూర్తిగా వెనక్కి తిరిగేసరికి రెండు చక్రాల నడకలో తేడా 3.14 × 1.25, అంటే సుమారు 3.9 మీటర్లు. మలుపు పెద్దదైనా చిన్నదైనా తేడా అంతే. అర్ధవృత్తం లెక్క తెలిసిన ఎనిమిదో తరగతి పిల్లలు దీన్ని నిమిషంలో రుజువు చేస్తారు. రెండు చక్రాలూ ఒకే రాడ్డుకు బిగించి ఉంటే ప్రతి మలుపులోనూ ఏదో ఒక టైరు నేలను రాసుకుంటూ ఈడ్చుకుపోవాలి. అలా కాకుండా చేసేదే డిఫరెన్షియల్.

ఇంజిన్ నుంచి గేర్‌బాక్స్, దాని తర్వాత ముందుకూ వెనక్కూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు. అక్కడి నుంచి వెనక్కి వచ్చే పొడుగు రాడ్డు ప్రొపెల్లర్ షాఫ్ట్. దాని చివర చిన్న పళ్ళచక్రం పినియన్. అది తిప్పే పెద్ద పళ్ళచక్రం క్రౌన్. క్రౌన్‌కు బిగించిన డబ్బాలో నాలుగైదు చిన్న గేర్లు ఉంటాయి. వాటిలో రెండు సైడు గేర్లు చెరో చక్రానికి వెళ్ళే యాక్సిల్ రాడ్డును పట్టుకుంటాయి. వాటి మధ్య ఉండేవి స్పైడర్ గేర్లు. బండి తిన్నగా పోతున్నప్పుడు స్పైడర్లు తమలో తాము తిరగవు, డబ్బాతో కలిసి మొత్తం ఒక ముద్దలా తిరుగుతుంది. మలుపు వచ్చినప్పుడు మాత్రం అవి తిరిగి, లోపలి చక్రం దగ్గర తగ్గిన వేగాన్ని బయటి చక్రానికి ఇస్తాయి. కుడి చక్రం వేగం, ఎడమ చక్రం వేగం కలిపి రెండుతో భాగిస్తే వచ్చేది క్రౌన్ వేగం. ఇది ఎప్పుడూ తప్పదు.

దీన్ని కళ్ళతో చూడవచ్చు. బండిని చదునైన నేలమీద నిలిపి, ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, వెనక చక్రాలు రెండూ లేపి కింద గట్టి దుంగలు పెట్టాలి. ఒక్క జాకీని నమ్మి ఎప్పుడూ కిందికి దూరకూడదు. ఇంజిన్ ఆపి బండిని గేరులో ఉంచి ఒక చక్రాన్ని ముందుకు తిప్పితే రెండోది వెనక్కి తిరుగుతుంది. ఇప్పుడు గేరు తీసేసి, ఒక చక్రాన్ని నేలకు దించి, హ్యాండ్‌బ్రేకు వదిలి, లేచి ఉన్న చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ఆలోగా ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. మా జీపుకు అయిదు చుట్లు దాటి, ఆరో చుట్టులో మూడో వంతుకు కాస్త పైగా వచ్చింది. లోపల క్రౌన్‌కు 43 పళ్ళు, పినియన్‌కు 8 పళ్ళు. 43ను 8తో భాగిస్తే 5.375. హౌసింగ్ విప్పకుండానే లోపలి పళ్ళ లెక్క బయటికొచ్చింది. మా టీచరు దీన్ని తొమ్మిదో తరగతి పిల్లలతో చేయించారు. నిష్పత్తి అంటే ఏమిటని ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

ఈ లెక్క చదువుకే కాదు, బేరానికీ పనికొస్తుంది. పాత సామాన్ల దుకాణంలో వేరే బండి నుంచి తీసిన హౌసింగ్ చవగ్గా దొరుకుతుంది. బయటికి ఒకేలా కనిపిస్తుంది. కానీ దాని లోపల 41 పళ్ళ క్రౌన్, 9 పళ్ళ పినియన్ ఉంటే నిష్పత్తి 4.56. ముందు ఇరుసు 5.375 మీద, వెనక ఇరుసు 4.56 మీద తిరుగుతుంటే ఫోర్ వీల్ వేసిన క్షణం నుంచి రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఏదో ఒకటి విరిగే దాకా ఆ పోరు ఆగదు. టైర్లు ముందు ఒక సైజు, వెనక ఒక సైజు వేసినా కొంత ఇదే జరుగుతుంది. మన జీపుల్లో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి ఎండిన తారురోడ్డు మీద ఫోర్ వీల్ వేసి తిరగకూడదు. బురదలో, ఇసుకలో అయితే టైరు కాస్త జారి ఆ బిగువు విడిపోతుంది. తారు మీద విడిపోదు.

మా జీపు సంగతికి వద్దాం. ఒక వానాకాలం మధ్యలో వెనక నుంచి గుర్రుమనే శబ్దం మొదలైంది. గంటకు 20 కిలోమీటర్లు దాటితే వినిపించేది, వేగంతో పాటు పెరిగేది. కింద టౌనులో ఒక షెడ్డుకు తీసుకెళ్ళాం. అక్కడి మెకానిక్ బండిని ఒక చుట్టు నడిపి, క్రౌన్ పినియన్ పోయింది, హౌసింగ్ మొత్తం మార్చాలి అన్నాడు. ఆయన అడిగిన డబ్బు రెండు కుటుంబాల ఆ ఏటి కాఫీ డబ్బంత. మూతైనా విప్పి చూడలేదు. ఆలోచించుకుని వస్తామని చెప్పి మెల్లగా కొండెక్కాం.

మా ఊళ్ళో ఒక పెద్దాయన ఉన్నారు. మాలో ఒకరికి మేనమామ వరస. పల్లపు ఊళ్ళలో చాలా ఏళ్ళు లారీల మీద పనిచేసి, చూపు మందగించి తిరిగొచ్చారు. జీపు ఆయన ఇంటిముందు ఆపగానే మేము పానాల పెట్టె తీశాం. ఆయన వద్దన్నారు. "ఒరే, ముందు చెవి పెట్టండి. పానాలెక్కడికి పోతాయి?" అన్నారు.

ఆ రోజు ఆయన మాతో చేయించిన పరీక్షలు ఒక్కొక్కటీ చెబుతాం. ఏ బండికైనా ఇవే.

మొదటిది కాలి పరీక్ష. ఒకే వేగంలో పోతూ యాక్సిలరేటర్ తొక్కాలి, వదలాలి, మళ్ళీ సమంగా పట్టాలి. తొక్కినప్పుడు ఊళ వేసి వదిలితే తగ్గినా, వదిలినప్పుడే ఊళ వేసినా అనుమానం క్రౌన్, పినియన్ పళ్ళ మీద. ఎందుకంటే బలం ఇచ్చినప్పుడు పళ్ళ ఒక వైపు ఆనుతుంది, వదిలినప్పుడు రెండో వైపు ఆనుతుంది. మా బండి తొక్కినా వదిలినా గుర్రుమంటూనే ఉంది. "పళ్ళు కాదు, బేరింగు అనుకోండి ముందు" అన్నారాయన.

రెండోది మలుపు పరీక్ష. ఖాళీగా ఉన్న తిన్నని దారిలో మెల్లగా ఎడమకూ కుడికీ ఊపుతూ నడపాలి. ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు శబ్దం పెరిగితే కుడి చక్రం బేరింగు చూడాలి. కుడికి తిరిగినప్పుడు పెరిగితే ఎడమది. తిన్నగా పోతే ఏమీ లేక మలుపులోనే కటకటమంటే స్పైడర్ గేర్లు. మా బండిలో ఏ మార్పూ లేదు.

మూడోది టక్కుమనే శబ్దం. క్లచ్ వదలగానే వెనక టక్కుమంటే వెంటనే హౌసింగ్ విప్పకూడదు. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు చివర్లలో ఉండే క్రాసులు కదిలించి చూడాలి. అవి అరిగితే శబ్దం అచ్చం హౌసింగ్ లోపల నుంచి వచ్చినట్టే ఉంటుంది. క్రాసు ధర తక్కువ, పని గంటసేపు.

నాలుగోది చేతి పరీక్ష. ఇంజిన్ ఆపి, చక్రాలకు రాళ్ళు పెట్టి, షాఫ్ట్ వచ్చి పినియన్‌ను కలిసే చోట ఫ్లాంజిని చేత్తో పట్టుకుని పైకీ కిందికీ గట్టిగా కదిలించాలి. చక్రంలా అటూ ఇటూ కొంచెం తిరగడం మామూలే, పళ్ళ మధ్య అంత సందు ఉండాలి. కానీ పైకీ కిందికీ కదలకూడదు. మాది కదిలింది. పినియన్ బేరింగు అరిగిందనడానికి అది చాలు.

అయిదోది చూపు, వాసన. డ్రెయిన్ బోల్టు విప్పితే ఆయిల్ దిగింది. నల్లగా ఉండాల్సింది పాలు కలిపిన టీలా ఉంది. నీళ్ళు కలిస్తేనే ఆ రంగు. బోల్టు చివర అయస్కాంతానికి సన్నటి బూడిద ముద్ద పట్టి ఉంటే భయం లేదు, అది రోజువారీ అరుగుదల. వేళ్ళకు గుచ్చుకునే పెచ్చులుంటే పళ్ళో, బేరింగులో విరుగుతున్నాయని అర్థం. కాలిన కంపు వస్తే ఆయిల్ తక్కువై వేడెక్కిందని అర్థం.

నీళ్ళెలా వచ్చాయన్నది అసలు ప్రశ్న. హౌసింగ్ పైన చిన్న గొట్టం లాంటిది ఉంటుంది, బ్రీదర్ అంటారు. లోపలి గాలి వేడికి ఉబ్బితే బయటికి పోవడానికి, చల్లబడితే లోపలికి రావడానికి అదే దారి. మా బండి పాత ఓనరు హౌసింగ్‌కు రంగు కొట్టించినప్పుడే ఆ రంధ్రం మూసుకుపోయింది. రంగు పెచ్చు గీరితే కనిపించింది. ఇక ఊహించండి. జీపు బరువుతో రెండు మైళ్ళు ఎక్కుతుంది, హౌసింగ్ కాలిపోయేంత వేడెక్కుతుంది. అలాగే చల్లటి గెడ్డలో దిగుతుంది. లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుంటుంది. బ్రీదర్ మూసుకుపోయింది కాబట్టి గాలికి దారి లేదు, ఆయిల్ సీలు అంచు నుంచి గెడ్డ నీటినే లోపలికి పీలుస్తుంది. రోజుకు మూడు గెడ్డలు, రెండు వైపులా ఆరుసార్లు. మైదానంలో తిరిగే బండికి ఈ జబ్బు అంతగా రాదు. టౌను షెడ్డువాళ్ళకు ఆ గెడ్డలు తెలియవు. మనకు తెలుసు. కొత్త హౌసింగ్ వేసినా ఈ కారణం అలాగే ఉంటే మళ్ళీ వానాకాలానికి అదీ పోయేది.

విప్పడం రెండు రోజుల పని. యాక్సిల్ రాడ్లు రెండూ బయటికి లాగాలి. వెనక మూత తీయాలి. క్రౌన్‌ను పట్టుకునే బేరింగులకు పైన క్యాపులుంటాయి. ఎడమదెడమకే, కుడిది కుడికే. తారుమారైతే ఎప్పటికీ సరిగా కూర్చోవు కాబట్టి విప్పకముందే పోగరుతో గుర్తులు కొట్టాం. పలుచటి రేకు రింగులు, షిమ్ములు, ఏ వైపువి ఆ వైపు దారానికి గుచ్చి గోడకు వేలాడదీశాం. క్రౌన్ బయటికొచ్చాక పినియన్ వెనక్కి వచ్చింది. ముందు బేరింగు రోలర్ల మీద తుప్పు మచ్చలు, గుంటలు. వెనక బేరింగు కూడా మొదలైంది. 43 పళ్ళూ తుడిచి వెలుతురులో ఒక్కొక్కటీ చూశాం. ఒక్కటి కూడా విరగలేదు, చిట్లలేదు. మార్చాలని చెప్పిన క్రౌన్, పినియన్ నిక్షేపంగా ఉన్నాయి. నిజంగా పాడై ఉంటే రెండూ కలిపే మార్చాలి. జతగా అరగదీసి తయారుచేస్తారు, ఒకదాని మీద ఉన్న నంబరే రెండోదాని మీద ఉంటుంది.

బేరింగులు, సీలు కొత్తవి తెచ్చి బిగించాం. ఇక్కడ ఓపిక కావాలి. పినియన్ బేరింగు మరీ వదులుంటే కదులుతుంది, మరీ బిగిస్తే వేడెక్కి కాలిపోతుంది. ఎంత బిగువుండాలో ఆ బండి మాన్యువల్లో ఉంటుంది. దాన్ని కొలిచే పరికరం మా దగ్గర లేదు. సంతలో పసుపు తూచే స్ప్రింగ్ కాటా ఉంది. ఫ్లాంజి చుట్టూ దారం చుట్టి కాటాతో మెల్లగా లాగి, తిరుగుతుండగా ముల్లు ఎక్కడుందో చూడాలి. మాన్యువల్ 25 కిలో-సెంటీమీటర్లు అంటే, 5 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న చోట దారం చుడితే కాటా 5 కిలోలు చూపాలి. సీలు కొట్టకముందే ఇది చూసుకోవాలి, సీలు రాపిడి కూడా బరువులో కలుస్తుంది. కొన్ని బండ్లలో బిగువు షిమ్ములతో వస్తుంది. కొన్నింట్లో నలిగే గొట్టం ఉంటుంది, దాన్ని ప్రతిసారీ కొత్తది వేయాలి.

ఆ తర్వాత క్రౌన్‌కూ పినియన్‌కూ మధ్య సందు. దీనికి మాత్రం డయల్ గేజ్ తప్పదు, అరువు తెచ్చాం. చాలా బండ్లకు అది 0.15 నుంచి 0.20 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. చివరిగా పళ్ళకు నీలం రంగు పూసి, క్రౌన్‌ను చేత్తో పట్టి కొంచెం ఆపుతూ తిప్పాం. పంటి మీద రంగు చెరిగిన చోట రెండూ ఆనుతున్నట్టు. మచ్చ పంటి ఎత్తులో మధ్యకు రావాలి. మొదట్లోకి దిగిపోతే పినియన్ మరీ దగ్గరగా ఉంది, కొనకు పోతే దూరంగా ఉంది. పాత షిమ్ములే వేశాం కాబట్టి మాది మధ్యకే వచ్చింది. చూపు మందగించిన మామయ్య ఆ మచ్చను చూడలేదు. క్రౌన్ తిరిగే చప్పుడు విని "సరిపోయింది" అన్నారు.

ఈపీ 90 నంబరు గేరాయిల్ ఫిల్లర్ రంధ్రం అంచు దాకా పోశాం. ఈ పళ్ళు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి, ఇంజిన్ ఆయిల్‌కు ఆ ఒత్తిడి ఓర్చే శక్తి ఉండదు. బ్రీదర్‌కు ఒక రబ్బరు గొట్టం తగిలించి, దాని కొసను టాపు దగ్గరికి ఎత్తి కట్టాం. గెడ్డ నీరు అంత ఎత్తుకు రాదు. ఖర్చంతా కలిపి టౌనులో చెప్పినదానిలో అయిదో వంతు కూడా కాలేదు.

డ్రైవరు తమ్ముళ్ళకు ఇంకో రెండు మాటలు. బురదలో ఒక చక్రం ఖాళీగా తిరుగుతుంటే యాక్సిలరేటర్ అదేపనిగా తొక్కకండి. ఆగిన చక్రం సున్నా, తిరిగే చక్రం క్రౌన్‌కు రెండింతలు. ఆ తేడా అంతా చిన్న స్పైడర్ గేర్ల మీద, వాటి పిన్ను మీద పడుతుంది. అయిదు నిమిషాల అలాంటి తిప్పుడు ఏళ్ళ అరుగుదలతో సమానం. చక్రం కింద రాళ్ళు, కొమ్మలు వేయండి. ముందే ఫోర్ వీల్ వేసి దిగండి. రెండోది, వెనక షాఫ్టో పినియనో పోయి అడవి మధ్యలో ఆగితే, వెనక చక్రాలు బిగుసుకోకుండా తేలిగ్గా తిరుగుతుంటే, ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి లోపల పెట్టి, ఫోర్ వీల్ వేసి ముందు చక్రాలతో మెల్లగా ఇంటికి చేరవచ్చు. మనుషుల్ని మాత్రం దించేయండి. యాక్సిల్ రాడ్డే విరిగితే ఆ సాహసం వద్దు. కొన్ని బండ్లలో చక్రాన్ని పట్టుకునేది ఆ రాడ్డే, విరిగితే చక్రం ఊడి బయటికొస్తుంది.

టీచర్లకూ ఒక మాట. పాత సామాన్ల దుకాణంలో పాడైన డిఫరెన్షియల్ ఇనుము ధరకే దొరుకుతుంది. ఒకటి తెచ్చి బడిలో పెట్టండి. నిష్పత్తి, సగటు, వృత్తం, గాలి వ్యాకోచం అన్నీ దానిలో ఉన్నాయి. మన పిల్లలకు వినడం కొత్త కాదు. ఆకుల్లో కదిలింది పామో తొండో చెప్పగలరు, గెడ్డ పొంగు రాకముందే దాని హోరు పట్టగలరు. ఆ చెవికి గేర్ల పేర్లు, కారణాలు జతచేస్తే చాలు. పదో తరగతి పాసయ్యాక ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు రెండేళ్ళు. అక్కడ చేరేనాటికి స్పైడర్ గేరును చేత్తో పట్టుకున్న పిల్లవాడు, ఆడపిల్ల అయినా సరే, వెనక బెంచీలో కూర్చోరు.

మా జీపులో ఇప్పుడు ఒక నోటుబుక్కు ఉంది. ఆయిల్ మార్చిన తేదీ, రంగు, బోల్టుకు ఏం అంటింది, ఏ శబ్దం ఎప్పుడు మొదలైంది, తొక్కితేనా వదిలితేనా, అన్నీ అందులో రాస్తాం. రాసేది క్లీనరు కుర్రాడు. చదువు ఆరో తరగతిలో ఆపేసినవాడు. మొదటి పేజీలో "గురు గురు" అని రాశాడు. నిన్న రాసింది "వదిలినప్పుడు ఊళ, తొక్కితే లేదు, పళ్ళు చూడాలి" అని. వచ్చే ఆదివారం మూత విప్పి చూస్తాం.